నల్లకారు మీద ఇనుప రజను

ఖుర్సీపార్‌లో మా ఉక్కు ప్లాంటు క్వార్టర్‌కి ఎదురింట్లో ఉండే మావయ్య రిటైరైన ఏడాదే ఓ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. తొంభైల నాటి మాట. మా లైన్‌లో అదే మొదటి కారు. నల్లగా నిగనిగలాడుతూ వచ్చి ఆగేసరికి పిల్లలందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. దాని తలుపులో నా మొహం నాకే కనబడుతుంటే, అమ్మ పిలుస్తున్నా పలక్కుండా నిలబడిపోయాను.

కొన్నాళ్ళకే కూతురి పురిటికని మావయ్య కుటుంబంతో విజయనగరం బయల్దేరాడు. వెళ్తూ కారు తాళం మా నాన్న చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త బావా. సర్వీసంతా దీన్నే కలగన్నాను."

"చిన్న గీత పడ్డా నన్నడుగు. నా పూచీ," అన్నాడు నాన్న.

సైకిల్ తప్ప మరో బండి ఎరగని మనిషి! మాటైతే ఇచ్చేశాడు గానీ, ఆ రోజునుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు.

మా ఊళ్ళో తెల్లారేసరికి అన్నింటిమీదా ధూళే. ఆరేసిన బట్టల మీద, కిటికీల మీద, తులసాకుల మీద. గాలి ప్లాంటు వైపునుంచి వీస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. మొహం కడుక్కోకముందే గుడ్డ పట్టుకుని స్కూటర్లు తుడుచుకోవడం లైన్ మొత్తానికీ అలవాటు. నాన్న కూడా పాత బనీను పట్టుకుని కారు దాకా వెళ్ళేవాడు, గీత పడుతుందేమోనని తాకకుండానే వెనక్కి వచ్చేసేవాడు. చూస్తుండగానే నల్లకారు బూడిదరంగుకి తిరిగింది.

సలహాలకేం కొదవ! పక్కింటి భయ్యా కిరసనాయిలు గుడ్డతో తుడవమన్నాడు. ఇంకొకాయన ఏకంగా శివనాథ్ నదిలోకి దింపెయ్యమన్నాడు. నాన్నకి డ్రైవింగ్ వస్తే కదా! ఇంతలో మావయ్య మర్నాడు వస్తున్నాడని కబురొచ్చింది. నాన్న ఆ రాత్రంతా కారు చుట్టూ తిరిగాడు.

మర్నాడు పొద్దున్న, పాడైన రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతంతో ఆడుకుంటున్నాను. కారు అద్దం మీది ధూళి చిటికెడు కాగితంలోకి తీసి, అడుగున అయస్కాంతం తిప్పాను. ధూళి లేచి నిలబడింది! భయపడ్డ పిల్లి బొచ్చులా నిక్కబొడుచుకుని, నా చెయ్యి ఎటు కదిలితే అటు నడిచింది. రోజూ మా నెత్తిన రాలుతున్నది ఇనుమా!

నాన్న వంగి చూశాడు. "ఓలమ్మో, ఇనుప రజను! గుడ్డెట్టి తుడిస్తే ఆకురాయెట్టి రాకినట్టే కదే!"

గుమ్మంలోంచి అమ్మ అందుకుంది. "దానికేటి అంత ఆలోసన? ఇసక పట్టిన తోటకూరని రుద్ది కడుగుతామేటి? నీళ్ళు పొయ్యండి. ఇసక దానంతటదే దిగిపోద్ది."

కుళాయి వదిలే వేళకి నాన్న స్టూలెక్కి, మగ్గుతో కారు నెత్తిన నెమ్మదిగా నీళ్ళు పోశాడు. ఎవరి చెయ్యీ కారుకి తగల్లేదు. ఎర్రగా, నల్లగా చారలు కట్టి ధూళి దిగిపోతోంది. నీళ్ళు తేటపడేదాకా పోశాక, అమ్మ పాతచీర ముక్క తడిపి, పసిపిల్ల ఒళ్ళు అద్దినట్టు అద్దింది. కారు మీద ముందు ఆకాశం కనబడింది, తరవాత దూరంగా ఉన్న చిమ్నీలు, తరవాత మేం ముగ్గురం. అంత అందం ఆ వీధిలో నేనెప్పుడూ చూడలేదు. నాన్న మగ్గు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

మధ్యాహ్నం మావయ్య ఆటో దిగాడు. సామాను వదిలేసి కారు చుట్టూ తిరిగాడు.

"నేనిచ్చినప్పుడు కూడా ఇలాగ లేదయ్యా బావా!"

అప్పటికే మళ్ళీ సన్నగా ధూళి పడింది. ఆ సంబరంలో మావయ్య అలవాటుగా భుజం మీది తువ్వాలు లాగి బానెట్ మీద ఒక్క తుడుపు తుడిచాడు.

"ఒద్దు బావా!" నాన్న కేక వేసేసరికే అయిపోయింది. ఎండలో గీత తళుక్కుమంది.

నాన్న మొహం పాలిపోయింది. "మాటిచ్చాను బావా... ముందే సెప్పాల్సింది," అన్నాడు.

మావయ్య గీతని చూశాడు, తువ్వాలుని చూశాడు, నాన్న తడిసిన లుంగీని చూశాడు. "నా సేత్తో పడ్డదానికి నీదేటి పూచీ?" అన్నాడు.

ఆ గీతకి ఆయన రంగు వేయించలేదు. కారెక్కిన ప్రతివాళ్ళకీ బానెట్ చూపించి మరీ చెప్పేవాడు: "గీత నాది. ఆ మెరుపు మా బావది."