హజరత్తయ్య ఇవ్వలేని రొట్టె

మా కాలవగట్టు సందు దర్జీ హజరత్తయ్య. వాళ్ళమ్మ దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. గుమ్మం మీద పోలేరమ్మ పటం, మిషను పక్కన మా చర్చి క్యాలెండరు. సాయిబుల పిల్లలకు రంజాను జుబ్బాలు, మా వాళ్ళకు క్రిస్మసు గౌన్లు, కోమటోళ్ళ వీధికి పెళ్ళి జాకెట్లు, అన్నీ ఆ మిషను మీదే. జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చే ముసలమ్మ కూడా అతని అరుగు మీదే గంప దించి, ఊరి కబుర్లన్నీ కక్కి పోయేది. ఆ అరుగు పక్కనే నా దోసెల బండి. పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళం. ఎంత బాగుండేదో!

అది అద్దె కొంప. అదొక్కటే అతని దిగులు. ఏటా రొట్టెల పండగకు దర్గా చెరువులో దిగి, సొంతిల్లు అమరినవాళ్ళ చేతి మీదుగా ఇంటి రొట్టె తీసుకునేవాడు. కోరిక తీరాక, అలాంటి రొట్టే అడిగినవాళ్ళకు మనం ఇవ్వాలి. ఇవ్వకపోతే దోషం.

నిరుడు కాలవ వెడల్పు చేయాలని పొక్లెయిన్లు తెచ్చి సందంతా కూల్చేశారు. ఊరవతల అపార్టుమెంట్లలో తలా ఒక ఇల్లు ఇచ్చారు. హజరత్తయ్యకు మూడో అంతస్తు, అతని పేరు మీదే పట్టా. 'తంతే గారెల బుట్టలో పడ్డావు పో' అన్నారందరూ. గారెలూ లేవు, గాడిదగుడ్డూ లేదు! సాయిబులు ఒక లేఅవుటుకు, మేము ఇంకోదానికి పడ్డాం. ముసలమ్మ గంప అంత దూరం రాదు. జాకెట్టు కోసం మూడంతస్తులు ఎక్కేదెవరు? మిషను మీద దుప్పటి కప్పేశాడు. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

ఈ ఏడు పండగొచ్చింది. రొట్టెలు నేనే కాల్చి, ఆటోలో అతన్ని లాక్కుపోయాను. మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డాం. చంకలో బిడ్డతో ఒక పిల్ల వచ్చింది. పేరు రేవతి అట.

"ఇంటి రొట్టేనా అన్నా? మాది రైలుకట్ట పక్క సందు. కొట్టేస్తామని మా గోడలకీ గుర్తులేసి పొయినారు."

రొట్టెతో చాచిన చెయ్యి హజరత్తయ్య టక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇచ్చెయ్యి అబ్బయ్యా, దోషం" అన్నాను.

"ఎట్టా ఇచ్చేది ఏసుమణక్కా? నాకొచ్చిన ఇల్లే ఈ పిల్లకీ వస్తాది. నేనడగాల్సింది ఇల్లు కాదక్కా, మన సందు. ఇన్నేళ్ళూ తప్పు రొట్టె పట్టినా."

నాకు ఒళ్ళు మండింది. "సందు రొట్టె యాడుందయ్యా ఈ చెరువులో! ఉంటే నేను పట్టనా?" అని అరిచాను.

మా గోల రేవతికి పట్టలేదు. అతని చేతిలోంచి తనే రొట్టె తీసుకుని కళ్ళకద్దుకుంది. తుంచి బిడ్డ నోట్లో పెట్టింది.

"నీ చెయ్యి మంచిదన్నా. వచ్చే ఏడు నేనూ ఇస్తా" అని నవ్వుతూ మెట్లెక్కింది.

"తప్పయిపొయ్యింది తల్లీ, ఏమనుకోబాక" అని హజరత్తయ్య నీళ్ళలోనే నిలబడి ఏడ్చాడు. ఆ గుంపులో ఆమెకు వినపడలేదు.