సగంలో ఆగిన సుత్తి

మా పెదనాన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను పాతపట్నంలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. "ఇంక నేడమ్మీ. పొద్దుటి టీ తాగి, గోడకి జారబడి, అలగే ఉండిపోనాడు" అంది వాళ్ళ పక్కింటి అత్త. అక్కడి నుంచి మా ఊరు గంట ప్రయాణం. ఆ గంటసేపూ బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. ఊరు చేరేసరికి వాకిట్లో మనిషెత్తు పూలచక్రం నిలబెట్టి ఉంది. దాని రిబ్బను మీద బంగారు రంగు అక్షరాలతో ‘భయంలోయ సాహస విహారం’ అని రాసి ఉంది. ఏడుపు ఎటు పోయిందో పోయింది. ఆ చక్రాన్ని రెండు చేతులా ఎత్తి కాలవలో పారేశాను. చావింట్లో ఇదేం పనే అని పెద్దవాళ్ళు తిట్టారు. తిట్టనీ. కాలవగట్టున మేస్తున్న మేక కూడా ఆ పూలు ముట్టలేదు.

మీలో కొందరు ఆ భయంలోయకి వెళ్ళే ఉంటారు. ఆదివారం వస్తే వైజాగ్ నుంచి, భువనేశ్వర్ నుంచి కార్లు బారులు తీరతాయి. అదొక పాడుబడ్డ రాతి క్వారీ. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినా పైకి అందని గొయ్యి, అడుగున నల్లటి నీళ్ళు. కాళ్ళ కింద అద్దం పరిచిన వంతెన, చీకటి సొరంగంలో దయ్యాలు, గొయ్యి మీదికి తోసే ఊయల. భయపడటానికి టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్తారు. వెళ్ళినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ గొయ్యి తవ్వినవాళ్ళలో మా పెదనాన్న ఒకడనీ, అందులో పోయినవాళ్ళలో మా పెదమ్మ ఒకతనీ మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

క్వారీలో పెదనాన్న పని రాయిని వినడం. మందు పెట్టి పేల్చాక, పొగ తేరుకున్నాక, అందరికంటే ముందు ఆయన ఒక్కడే కిందికి దిగేవాడు. చిన్న సుత్తితో ఈ చివర నుంచి ఆ చివరిదాకా గోడంతా జానెడు జానెడు కొట్టుకుంటూ వెళ్ళేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉన్న రాయి దబ్బుమంటుంది. గోడంతా ఖంగుమన్నాకే ఎర్రగుడ్డ దించి పచ్చగుడ్డ ఊపేవాడు. అప్పుడు ఆడవాళ్ళు గంపలతో దిగేవారు. "రాయి అబద్దం ఆడదే గుంటా. మనం సివరంటా ఇనాల, అంతే" అనేవాడు.

ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. కొబ్బరికాయ, కుండ, పుచ్చకాయ, తలుపు, ఏది కనబడినా వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేవాడు. నాకు దగ్గొస్తే వీపు మీద కొట్టి, "గుల్లేటీ కాదు, అల్లం తినిపించండి" అనేవాడు. నాన్న పోయిన నన్ను పిల్లల్లేని ఆ దంపతులే పెంచారు. అరసవల్లిలో నా పెళ్ళిచూపులప్పుడు కాబోయే మా ఆయన వీపు మీద పెదనాన్న రెండుసార్లు తట్టాడు. అందరూ ఆశీర్వాదం అనుకున్నారు. బయటికి వచ్చాక నా చెవిలో, "బాగానే పలికినాడే, సేసుకో" అన్నాడు. ఆ మాట మీదే చేసుకున్నాను. ఇప్పటిదాకా పలుకుతూనే ఉన్నాడు.

పెదమ్మ పోయినప్పుడు నేను అయిదో తరగతి. ఆ రోజు లారీలు వచ్చి నిలబడ్డాయి. పెదనాన్నకి గోడ తూర్పు సగం కొట్టడం అయింది, పడమటి సగం మిగిలింది. క్వారీ యజమానిని అందరూ బాబు అనేవారు. ఆ బాబు పైనుంచి కేక వేశాడు. "ఏటిరా, గోడకి జోలపాట పాడతన్నావేటి? సాల్లే, ఆడోళ్ళని దింపు!"

సగం ఖంగుమంది కదా, మిగతాదీ అంటుందిలే అనుకున్నాడు పెదనాన్న. పచ్చగుడ్డ ఊపాడు. ముందుగా దిగింది పెదమ్మే. ఎప్పుడూ ఆవిడే ముందు దిగేది. మొగుడు ఊపిన గుడ్డ మీద అంత నమ్మకం. పడమటి గోడలోంచి మంచమంత పలక విరిగి ఆవిడ మీద పడింది. విచారణకి వచ్చినవాళ్ళతో బాబు, "తాగి దిగింది" అని చెప్పాడు. మా పెదమ్మ కల్లు వాసన కూడా ఎరగదు.

ఆ అబద్ధానికి నేను అతన్ని ఇప్పటికీ క్షమించలేదు. చచ్చేదాకా క్షమించను కూడా. పెదనాన్న బాబునీ క్షమించలేదు, తననీ క్షమించుకోలేదు. సుత్తిని పెదమ్మ చీర కొంగులో చుట్టి ఇంటి దూలం మీద పెట్టేశాడు. బాబు జీపు మా వీధిలోంచి వెళ్తే తింటున్న అన్నం వదిలేసి లేచి, దుమ్ము అణిగేదాకా గుమ్మంలో నిలబడి చూసేవాడు. తిట్టేవాడు కాదు. "నా సుత్తి సగంలో ఆగిపోనాది. మిగతా సగం ఆడి కల్లముందరే కొడతాను" అనేవాడు.

రాయి అయిపోయి క్వారీ మూతపడింది. ఏళ్ళు గడిచి, గొయ్యి అడుగున నీళ్ళు చేరాక, దాన్నే బాబు భయంలోయ చేశాడు. పెదనాన్న వెళ్ళి గేటు దగ్గర కాపలా ఉద్యోగం అడిగాడు. "సిగ్గునేదా పెదనాన్నా, ఆడి గేటు కాస్తావా?" అని నేను దెబ్బలాడాను. దూలం మీంచి సుత్తి దించుతూ, "మిగతా సగం ఆ గోడ మీదే ఉన్నాదే గుంటా. ఇంటికాడ కూకుంటే అందుతాదేటి?" అన్నాడు.

సొరంగంలో దయ్యాలున్నాయన్నాను కదా, వాటిలో ఒకటి గంప పట్టుకున్న ఆడమనిషి. పలక కింద నలిగి చచ్చిన కూలీదాని దయ్యమని బయట బోర్డు కూడా పెట్టారు. మా పెదమ్మ చావుని వేషం కట్టించి ఆడించాడు ఆ పాపిష్టి! ఎచ్చెర్లలో చదువుకుంటున్న పిల్ల ఒకతి సెలవురోజుల్లో ఆ వేషం వేసేది. పెదనాన్న ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, కోప్పడకుండా, "గంప ఎడం పక్కకి పెట్టుకో తల్లీ. అది ఎడం సంకనే పెట్టుకునీది" అన్నాడు. ఆ పిల్ల కాసేపు ఆయన మొహం చూసి, గంప కింద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తర్వాత వచ్చినావిడకీ అదే మాట చెప్పాడు. మూడో మనిషి వాళ్ళకి దొరకలేదు.

పోయిన ఏడాది పెద్ద ఊయల తెరిచారు. పడమటి గోడలోకి బోల్టులు దిగ్గొట్టి, ఇనుప దూలాలు బిగించి, గొలుసులు వేలాడదీశారు. మొట్టమొదట తనే ఊగుతానని బాబు కెమెరాలవాళ్ళని పిలిపించాడు. అటు పూజ జరుగుతుంటే పెదనాన్న సుత్తి పట్టుకుని బోల్టుల కిందికి వెళ్ళి మూడు దెబ్బలు కొట్టాడు. మూడుసార్లూ దబ్బుమంది.

అప్పుడు అక్కడే కూర్చుని బీడీ వెలిగించాడట. తర్వాత నాతో తనే చెప్పాడు. "ముప్పై ఏళ్ళే. నాను నోరు మూసుకుంటే సాలు. ఆడే కూకుంటాడు, ఆడే ఊగుతాడు, ఆడే పోతాడు. నాను ఎవుల్నీ ముట్టుకోనక్కర్నేదు."

బీడీ సగమయ్యేసరికి బాబు నడుముకి బెల్టులు కట్టించుకుని కెమెరాల ముందు నవ్వుతున్నాడు. పెదనాన్న లేచి, ఎర్ర తువ్వాలు ఊపుతూ, వెనకటి రోజుల్లో పేలుడికి ముందు వేసే కేక వేశాడు. "మందోయ్! మందు! మందు!" కెమెరాలవాళ్ళకి అర్థం కాలేదు. బాబుకి అర్థమైంది. పరుగో పరుగు! పసుపునీళ్ళ మీద కాలు జారి అందరి ముందూ వెల్లకిలా పడ్డాడు. వచ్చినవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ వీడియో నా ఫోనులో ఉంది. మనసు బాగాలేనప్పుడు చూసుకుంటాను.

"ఒగ్గీయాల్సింది పెదనాన్నా, ఊగనీయాల్సింది" అన్నాను. నిజంగానే అన్నాను, సిగ్గుపడను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆడొక్కడే ఊగితే ఒగ్గీసీవోడినే. ఆడెనకాల పిల్లగుంటలు లైను కట్టున్నారు."

ఆ సాయంత్రమే ఉద్యోగం పీకేశారు. బీటకి సిమెంటు పూసి, మీద పుర్రె బొమ్మ వేశారు. నేను అర్జీలు పెట్టాను. అధికారులు వచ్చి చూశారు. చూశారే గానీ ఒక్కరూ సుత్తి పట్టలేదు. ఊయల నడుస్తూనే ఉంది. క్వారీ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి పెదనాన్న మంచం పట్టాడు. చివర్లో తన గుండె మీద తనే కణుపుతో కొట్టుకుని, "గుల్లైపోనాదే గుంటా" అని నవ్వేవాడు. పోవడానికి రెండు రోజుల ముందు సుత్తి నా చేతిలో పెట్టి, "సగం ఒగ్గీసినాను" అన్నాడు. ఆ పైన ఏమీ అడగలేదు.

పదకొండో రోజున బాబు మా గుమ్మంలోకి వచ్చాడు. "టీచరమ్మా, మీ పెదనాన్న ఫొటో, ఆ సుత్తీ మా గోడకి తగిలిస్తాను. జనానికి ఇలాటియ్యే కావాల. ఆదివారం దండ ఏసీడానికి నువ్వే రావాల" అన్నాడు. ఇంకో రోజైతే చెప్పు తీసేదాన్ని. "తప్పకుండా వస్తాను బాబూ. సుత్తి నేనే తెస్తాను" అన్నాను. అంత మర్యాదగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

పోయిన ఆదివారం వెళ్ళాను. గోడకి ఫొటో తగిలించి ఉంది. ఊయల కోసం జనం బారు కట్టి ఉన్నారు. బాబు మైకు నా చేతికిచ్చి రెండు ముక్కలు చెప్పమన్నాడు. నేను నీళ్ళ పైన గోడ వెంట ఉన్న దారిలో తూర్పు చివరికి వెళ్ళి, మైకు రాతికి దగ్గరగా పట్టుకుని, సుత్తితో కొట్టాను. ఖంగ్. జానెడు జరిగి మళ్ళీ కొట్టాను. ఖంగ్. జనం ఇదేదో కార్యక్రమం అనుకుని ఫోన్లు ఎత్తారు. పెదనాన్న ఆగిపోయిన సగం దగ్గర నేను ఆగలేదు. పుర్రె బొమ్మ మీద కొట్టాను. దబ్. ఇంకాస్త గట్టిగా కొట్టాను. దబ్. స్పీకర్లలోంచి ఆ చప్పుడు గొయ్యంతా వినబడింది. సిమెంటు పెచ్చు ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

బారులో అందరికంటే ముందున్న అమ్మాయి నడుముకున్న బెల్టు విప్పేసింది.

"పాట పెట్టండ్రా!" అని బాబు అరిచాడు. "ఏటీ అవదు, ఊగండి! ఇన్నాళ్ళూ ఊగనేదేటి?"

బారులోంచి ఒక ముసలమ్మ, ఎవరో నాకు తెలియదు, నింపాదిగా అంది. "అలగైతే ముందు నువ్వూగు బావూ."

ఎవరూ నవ్వలేదు. అందరూ అతని వైపే చూశారు. బాబు ఊయల దాకా నడిచి గొలుసు పట్టుకున్నాడు. తలెత్తి పడమటి గోడని చూశాడు. ముప్పై ఏళ్ళ కిందట సాల్లే అన్న మనిషి ఆ గోడని ఈ చివర నుంచి ఆ చివరంటా చూశాడు. నేను ఇంకొక్క దెబ్బ కొట్టాను. అతని చేతిలోంచి గొలుసు జారిపోయింది. ఖాళీ ఊయల నల్లటి నీళ్ళ మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది.