వెర్నా తప్పుడు వార్తలు

ప్రపంచంలో ఏ మూల ఏ శాస్త్రవేత్త ఏం కనిపెట్టినా, మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా వెర్నా టిండల్ దాని మీద తీర్పు చెప్పాల్సిందే. చెప్పేది రేడియోలో. వినేది ఆ పడమటి క్వీన్స్‌లాండ్ మైదానంలో మూడొందల కిలోమీటర్ల మేర తలోచోట పడి ఉన్న పదకొండు పశువుల ఫారాల వాళ్లు. ఎవరికి తోస్తే వాళ్లు మైకు నొక్కి మాట్లాడచ్చు గనక దానికి గలాల గంట అని పేరు. నిజానికి గులాబీ రంగు గలా చిలకలు కూడా అంత గోల చెయ్యవు.

"ప్రయోగశాలలో మాంసం పండిస్తున్నారట. బాగానే ఉంది. అది కంచె తెంచుకుని పారిపోతే తోలుకురావడానికి ఆ ప్రొఫెసర్లకి గుర్రం ఎక్కడం వచ్చా? ఓవర్."

ఇంకోరోజు కృత్రిమ మేధ వంతు. "తనకి అన్నీ తెలిసినట్టే మాట్లాడుతుందట. తప్పని తేలితే క్షమాపణ చెబుతుందట. మొదటిది మా ఆయనా చేసేవాడు. రెండోది విన్నాకే అది మనిషి కాదని నమ్మాను. ఓవర్."

తీర్పులతో ఎవరికీ పేచీ లేదు. వార్తే తప్పుగా చెప్పేది, అదీ పేచీ.

"చంద్రుడి మీద నీళ్లున్నాయట. మన బోర్ల కంటే నయం. పదివేల కిలోమీటర్లేగా! ఓవర్."

"నీ మొహం! మూడు లక్షల ఎనభై నాలుగు వేలు! అసలు బడికెళ్లావా నువ్వు?" అని అరిచేవాడు క్లారీ బౌడెన్. గాలిమరలు బాగుచేసుకుంటూ ఒంటరిగా బతికే డెబ్బై ఏళ్లవాడు. రోజు మొత్తంలో అతను మాట్లాడేది ఆ మాటే.

కెర్రీకి మాత్రం ఒళ్లు మండిపోయేది. ఆమెది వెర్నాకి పక్క ఫారమే, అంటే తొంభై కిలోమీటర్లు. వ్యవసాయ శాస్త్రం చదివింది. ఇవాళ నోరెత్తకూడదని రోజూ ఒట్టు పెట్టుకునేది. బ్యాటరీ కారు వానలో తడిస్తే షాకు కొడుతుందని వెర్నా అనగానే ఒట్టు గట్టున పెట్టి మైకు అందుకునేది.

ఒకనాడు తెల్లారకుండానే బయల్దేరి, ఏడింటికి సరిగ్గా వెర్నా వంటింట్లో దిగింది.

"అందరి ఇళ్ల మీదా ఉపగ్రహం ఇంటర్నెట్టు గొడుగులు వచ్చేశాయి కదండీ. ఇంకా ఈ రేడియో ఎందుకు? ఫోనులో గ్రూపు పెడదాం. సరైన వార్తలు నేను పెడతాను."

"కూర్చోవే అమ్మాయ్, పనిలో ఉన్నా," అని వెర్నా మైకు నొక్కింది. "చంద్రుడు మరీ దగ్గరికొచ్చేశాడట. ఎనిమిది వేలేనట. ఓవర్."

జవాబు లేదు.

"అయిదు వేలే! ఓవర్."

ఉలుకూ పలుకూ లేదు.

"చంద్రుడు చపాతీలా బల్లపరుపుగా ఉన్నాడట! క్లారీ, వింటున్నావా? ఓవర్!"

రేడియో గురగురలాడింది, అంతే. వెర్నా మొహం పాలిపోయింది. వెంటనే విమానంలో వచ్చే డాక్టరుకి ఫోను కలిపింది.

"నిద్రపోతున్నాడేమోనండీ! డాక్టరుకి ఏమని చెబుతారు?" అంది కెర్రీ.

"క్లారీ నా మాటకి ఎదురు చెప్పలేదని చెబుతా. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ పని చెయ్యడు."

పదిగంటలకు కబురు వచ్చింది. ముందురోజు సాయంత్రం గాలిమర మీంచి పడి, కాలు విరిగి, కదల్లేక పడి ఉన్నాడట. మధ్యాహ్నం ఎండ దాకా ఉంటే దక్కేవాడు కాదన్నారు. వెర్నా గట్టిగా ఊపిరి వదిలి, టీ పెట్టడానికి లేచింది.

అప్పుడు చూసింది కెర్రీ, రేడియో వెనక గోడకి అంటించిన కాగితం. వెర్నా రాత. పదకొండు ఫారాల పేర్లూ, ఏ రోజు ఎవరు పలికారో గుర్తులూ. కింద ఇలా రాసి ఉంది:

"క్లారీ: చంద్రుడి దూరం. డొనెల్లీ అన్నదమ్ములు: డ్రైవరు లేని ట్రాక్టరు. మ్యూరియల్: రోబోలు, నెమ్మదిగా చెప్పాలి. కెర్రీ: బ్యాటరీ కారు. మొగుడు మంద తోలుకెళ్లిన రోజుల్లో రెండు తప్పులు."

పోయిన ఎండాకాలం మూడు వారాలు కెర్రీ ఒంటరిగా ఉంది. ఆ మూడు వారాలూ వెర్నా మరీ మితిమీరిందని మొగుడికి చాడీలు కూడా చెప్పింది. ఇప్పుడు సిగ్గేసింది, కళ్లు చెమర్చాయి. గ్రూపు సంగతి ఇక ఎత్తలేదు.

"చదివేశావా?" అంది వెర్నా కప్పు అందిస్తూ. "నీకిక వేరే మేత వెతకాలి."

"ఏం లాభం లేదండీ. ఇక మీరేం చెప్పినా దిద్దను."

"అవునులే. ఆ సోలారు పలకలు ఉన్నాయే, అవి చీకట్లోనే బాగా పనిచేస్తాయట."

కెర్రీ టీ ఊదుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. పెదవి కొరుక్కుంది.

"చీకట్లోనా? ఎండ లేకుండా కరెంటు ఎక్కణ్ణించి వస్తుందండీ!"

వెర్నా పెన్సిలు తీసుకుని, గోడ మీది కాగితం వైపు తిరిగింది.