నలభై అయిదు సెంటీమీటర్ల మూర

నా చిన్నప్పటి తిరుత్తణిలో పూలు కొలవడానికి బద్దలూ టేపులూ ఉండేవి కావు, చెయ్యే ఉండేది. నారతో కట్టిన మల్లెల దండను ఎడమచేతి వేలికొన దగ్గర పట్టి మోచేతి దాకా సాగదీస్తే ఒక మూర. తెలుగువాళ్లు మూర అని అడిగినా, తమిళులు మొళం అని అడిగినా, బస్టాండు దగ్గర బుట్ట పెట్టుకుని కూర్చునే మా అవ్వ చాచేది ఆ చెయ్యే. అమ్మ కూలికి పోయినా పని దొరకని రోజులే ఎక్కువ. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పూలబుట్ట మీదే.

ఒక వానాకాలం అవ్వ జారిపడింది. పుత్తూరు వైద్యుల దగ్గర కట్టు కట్టించాక విరిగిన ఎడమ మణికట్టు అతుక్కుంది గానీ, ఆ వయసులో వేళ్లు మళ్లీ పూర్తిగా చాచుకోలేదు. వంగిన వేళ్లతో కొలిస్తే మూర తగ్గుతుందని ఆమెకూ తెలుసు. అందుకే కొలిచాక అంచనాగా ఇంకొంచెం కలిపి తెంచేది. పొద్దున ఆ కొంచెం ఎక్కువయ్యేది. సాయంత్రం చెయ్యి సలపడం మొదలయ్యాక తక్కువయ్యేది. పోనీ కుడిచేతి మీద కొలుద్దామంటే, దండను లాగి పట్టడానికి ఎడమ వేళ్లకు పట్టు చిక్కేది కాదు.

కొనేవాళ్లకు ఇదంతా ఎందుకు? బడి వదిలాక నేను అవ్వ పక్కనే కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం, ఎప్పుడూ మా దగ్గరే కొనే పెద్దమ్మ ఒకామె దండను తన చేతిమీద పరిచి చూసుకుంది.

“ఏమవ్వా, పొద్దున ఒక మూర, మాపటికి ఒక మూరా? ఎవురికి చెవుల్లో పూలు పెడతా ఉండావు?”

“చెవుల్లో పెట్టేదానికి నాకాడ యాడుండాయి తల్లీ, జడలోకే చాలకుండా ఉండాయి,” అని అవ్వ నవ్వబోయింది. పెద్దమ్మ నవ్వలేదు. దండను బుట్టలో వేసేసి, అవతల పూలమ్మే అక్క దగ్గరికి పోయింది. ఆ వారంలో అలా పోయినది ఆమె ఒక్కతే కాదు. అవ్వ మిగిలిన పూల మీద తడిగుడ్డ కప్పింది.

బస్సు కోసం నిలబడిన మా టీచరమ్మ ఇదంతా చూశారు. ఆమెది పొదటూరుపేట. రోజూ బస్సులో వచ్చి, ఒకే గదిలో రెండు తరగతులకు పాఠం చెప్పి, సాయంత్రానికి గొంతు బొంగురుపోయి తిరిగి వెళ్లేవారు.

మరునాడు లెక్కల పాఠంలో ఆమె మమ్మల్ని బల్ల పొడవు మూరలతో కొలవమన్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క వచ్చింది. “వాడిది పొట్టిచెయ్యి టీచర్, అందుకే వాడికి ఎక్కువొచ్చె!” అని ఒకడు, “నీది కోతిచెయ్యి రా!” అని ఇంకొకడు. టీచరమ్మ మమ్మల్ని ఆపలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. మేము అరిచి అరిచి అలిసిపోయాక లేచి, బీరువాలోంచి మీటరు బద్ద తీసి ఇచ్చారు. అంచు అరిగిపోయింది కాబట్టి కొస నుంచి కాకుండా సున్నా గీత నుంచి కొలవాలని చూపించారు. ఈసారి ఎవరు కొలిచినా ఒకటే లెక్క. పొట్టిచెయ్యికీ కోతిచెయ్యికీ తగువు తీరిపోయింది.

అందరికీ ఇంటిదగ్గర కొలుచుకు రమ్మని ఒక్కో వస్తువు చెప్పారు. నన్ను మాత్రం దగ్గరికి పిలిచి, ఆ మీటరు బద్ద చేతిలో పెట్టి, “మీ అవ్వ కుడిచెయ్యి కొలుచుకు రామ్మా. మంచి చెయ్యి,” అన్నారు.

ఆ రాత్రి అవ్వ గొణుగుతూనే చెయ్యి చాపింది. వేలికొన నుంచి మోచేతి దాకా నలభై అయిదు సెంటీమీటర్లు. మరునాడు టీచరమ్మ ఒక వెదురుబద్ద తెప్పించి, అంత పొడవు నాచేతే గీత గీయించి, అక్కడికి కోయించారు. దండను బద్ద పక్కన ఊరికే పరచాలని, బిగలాగితే కొలత మారిపోతుందని చెప్పారు.

అవ్వ ఆ బద్దను తాకలేదు. “ఇదేమన్నా గుడ్డలంగడా? పూలను కట్టెతో కొలిస్తే చూసేవోళ్లు నవ్వరా?” అంది. ఇన్నేళ్లూ ఆమె చెయ్యే ఆమె మాట. దాన్ని పక్కన పెట్టమంటే ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియలేదు.

సాయంత్రం టీచరమ్మ వచ్చి, బుట్ట ముందు నేలమీదే చతికిలబడ్డారు. “పొద్దుట్నుంచీ నిలబడే ఉండాను అవ్వా. బోర్డు మీద రాసి రాసి నా చెయ్యి కూడా లేవడంలేదు. ఆ కట్టె కూడా నీ చెయ్యే కదా, నీ మంచి చెయ్యి. దాంతో రెండు మూరలు కొలిచియ్యి,” అన్నారు.

అవ్వ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత బద్దను ఒడిలో పెట్టుకుని, దండ పరిచి, కొలిచి తెంచింది.

ఆ తర్వాత ఆ పెద్దమ్మ మళ్లీ వచ్చింది. దండను తన చేతిమీద వేసి చూసుకుని, జడలో తురుముకుని పోయింది. కొందరు మాత్రం తిరిగి రానేలేదు. అవ్వ బుట్ట మునుపటిలా ఎప్పుడూ నిండలేదు గానీ, పొయ్యి ఆరిపోలేదు.

నా బడి అయిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఊరి గ్రంథాలయం పెట్టిన భిక్షే. ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరాన్ని కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మొదట్లో మీటరన్నారని అక్కడే చదివాను. మనుషుల చేతులను నమ్మలేక భూమిని కొలిచారన్నమాట అనుకున్నాను. ఇప్పుడు నా వేళ్లు కూడా వంగాక వేరేలా తోస్తోంది. చేతుల మీద నమ్మకం లేక కాదేమో, వాటికి కాస్త విశ్రాంతి ఇవ్వడానికేనేమో.

మాపటివేళ ఎవరి పనిలోనైనా కొలత కాస్త తగ్గిందని నాకు అనిపిస్తే, నోరు తెరవను. ముందు వాళ్ల చేతులవంక చూస్తాను.