దిగుడుల ఇంజన్ బంద్ చెయ్యను

అన్నం తిన్న చెయ్యి ఇంక తడి ఆరలే. ఈ చేతితోటే ఒట్టేసి చెప్తున్న, ఒక్క ముక్క గూడ కల్పించి చెప్పను. నమ్మకుంటే లేచి పోయి పండుకోండ్రి, నాకేం ఫికర్ లేదు. సగంల ఎవడన్న నవ్విండంటే మాత్రం ఆడికే ఆపుత.

మీరు నన్ను ఎక్కిరిస్తరు కదా… మల్లయ్య దిగుడుల ఇంజన్ బంద్ చెయ్యడు, పెట్రోలంత ఉత్తగనే కాలుస్తడు అని. దిగుడుల ఇంజన్ బంద్ చేసుడు డ్రైవర్లందరు చేసే పనే. దిగుడు రాంగనే చాబీ తిప్పి ఇంజన్ బంద్ చేస్తే, బండి దాని బరువుకు అదే ఉరుకుతది. కిందికి పోయినంక గేర్ల ఏసి క్లచ్ ఇడిస్తే ఇంజన్ మళ్ల అందుకుంటది. నేను గూడ చేస్తుండె… గా రాత్రి దాక.

పంతొమ్మిది వందల అరవై రెండో, మూడో. ఎండకాలం. నేను మరికల్ల పల్లీల మిల్లు సేటు కారు నడుపుతుండె. గా సాయంత్రం సేటును దేవరకద్ర టేషన్ల రైలెక్కిచ్చి, కారు మా ఇంటి ముందట తెచ్చి పెట్టిన. మా ఊరు మరికల్ పక్కనే. పెట్రోలు పోయించుకోవాలంటే పాలమూరు పోవాలె, ఈ మధ్యల యాడ బంకు లేకుండె. సేటు తిరిగొచ్చినంక పోయిద్దాంలే అనుకున్న.

ఉడకపోతకు అందరం బయట వాకిట్ల పండుకున్నం. నా భార్య సత్తెమ్మ చాప మీద పండుకున్నది. నడిరాత్రి లేపింది నన్ను. కాలికి ఏందో చురుక్కుమన్నదట… చీమ అనుకున్నదట. దీపం తెచ్చి చూస్తే చాప కిందికెల్లి కట్లపాము జారిపోతాంది. సన్నగ… నిమ్మళంగ.

జర సేపటికే సత్తెమ్మ రెప్పలు వాలినయి. నాలుక మందమైంది, మాట ముద్ద ముద్దగ వస్తాంది. ఆమెను, తోడు మా అమ్మను కార్ల ఏసుకోని మరికల్ల కంపౌండర్ తలుపు కొట్టిన. లాంతరు ఎత్తి కండ్లు చూసిండు.

"పాము ఇసానికి సూది నా దగ్గర లేదు మల్లయ్యా. పాలమూరు పెద్ద దవాఖానల్నే ఉంటది. జల్ది తీస్కపో. కానీ నిద్ర పోనియ్యకు. మాట్లాడిస్తనే ఉండుండ్రి. మాట ఆగిందంటే…"

లాంతరు కిందికి దించిండు.

గా కార్ల పెట్రోలు ఎంతున్నదో చూపే కాంట పని చెయ్యకుండె. టాంకిల కందిపుల్ల పెట్టి చూస్కునుడే. పెట్టిన. పుల్ల కొసకు తడి అంటిందంటే అంటింది, లేదంటే లేదు. మళ్ల పెట్టిన. అంతే. గంత పెట్రోలుకు దేవరకద్ర దాటి జర దూరం పోతది, ఆ మీద మెరక ఎక్కదు. కిరసనాయిలు కలుపుదామంటే సగంల ఇంజన్ పట్టేస్తదని భయం. బస్సు పొద్దుగాల గాని రాదు. ఎడ్ల బండి కట్టుకోని పోతే తెల్లారిపోతది.

ఎన్ని దిగుళ్లుంటే అన్నిట్ల ఇంజన్ బంద్ చెయ్యాలె. గదొక్కటే దారి. మా అమ్మ ఎనక సీట్ల కూసోని సత్తెమ్మ తలకాయ ఒళ్లె పెట్టుకున్నది. "అమ్మా, మాట్లాడిస్తనే ఉండు" అన్న. మా అమ్మ తలకాయ ఊపింది. కొంగు నోట్ల కుక్కుకోని ఏడుస్తాంది.

బయలెల్లినం. గా కారు ఇంజన్ మోత మీకు తెల్వది… పక్కల కూసున్నోని మాట గూడ ఇనబడకుండె. ఎనక ఏమైతాందో నాకు తెలుస్తలేదు. లైట్ల ముందట రోడ్డు, పక్కల రాళ్లు, మోదుగు చెట్లు. ఇంకేం లేదు.

మొదటి దిగుడు వచ్చింది. చాబీ తిప్పిన.

మోత ఆగింది. టైర్ల కింద కంకర పరపరమంటాంది. గాలి సయ్యిమంటాంది. ఎనకకెల్లి గాజుల చప్పుడు… ఆ తర్వాత సత్తెమ్మ మాట.

"ఆఁ… ఇంటున్న."

నాకు పానం లేచొచ్చింది. మాట్లాడుతాంది. అమ్మ మాట్లాడిస్తాంది, ఈమె జవాబు చెప్తాంది. కిందికి రాంగనే క్లచ్ ఇడిచిన, ఇంజన్ అందుకున్నది, మోతల మళ్ల అన్ని మునిగిపోయినయి.

రెండో దిగుడు కోసం ఎదురు చూసిన. పెట్రోలుకు కాదు… ఆమె గొంతు కోసం. బంద్ చేసిన.

"లేదు… నిద్ర వస్తలేదు" అంటాంది. జర ఆగి, "కాళ్లే సల్లగైతున్నయి" అన్నది. ఇంక జర ఆగి, "సరే" అన్నది.

అడిగేటోళ్ల మాట నాకు ఇనబడలే. అమ్మ చెవుల గుసగుస అడుగుతాందేమో అనుకున్న. ఈ రోడ్డంత దిగుడే ఉంటే ఎంత బాగుండు అనుకున్న. సిగ్గు లేకుండ చెప్తున్న, గప్పుడు నాకు ధైర్నమొచ్చింది. దేవుడా, దక్కుతది అనుకున్న.

ఇంటికొచ్చినంక గుర్తుకొచ్చింది నాకు… మరికల్ల మాట ముద్దగుండె కదా. దారి పొడుగునా ఆమె మాట సాఫ్‌గ ఉండె. రోజు ఇంట్ల మాట్లాడినట్టే.

దేవరకద్ర దాటినం. టేషన్ల ఒక్క దీపం ఎలుగుతాంది, మనిషి లేడు. ఇంజన్ ఒకటి రెండు సార్లు తుమ్మింది. టాంకి అడుగున మురికంత గుంజుతాంది. గప్పుడు పెద్ద దిగుడు వచ్చింది. పొడుగుది. చాబీ తిప్పిన.

పరపర… పరపర…

సత్తెమ్మ నవ్వింది.

నవ్విందయ్యా. చావు బతుకుల మీద ఉన్న మనిషి… చిన్నగ నవ్వి, "ఈ సీటు మీదనే కదా" అన్నది. "కడిగి కడిగి చేతులు నొప్పి పెట్టె. సేటుకు ఎరుకైతే ఏమంటుండెనో."



మా పెండ్లైన కొత్తల సంగతి అది. ఒకనాడు సేటు లేంది చూసి ఆమెను కార్ల ఎక్కిచ్చుకోని మరికల్ చెరువు కట్ట దాక తిప్పుకొచ్చిన. కారెక్కుడు కొత్త కదా… ఆమెకు సీటు మీదనే వాంతయింది. ఇద్దరం కలిసి నీళ్లు మోసి, సీటు కడిగి, ఎండబెట్టినం. ఎవలకు చెప్పలే. సేటుకు ఎరుక లేదు, మా అమ్మకు ఎరుక లేదు. నాకు, సత్తెమ్మకు తప్ప ఈ భూమి మీద ఎవలకు తెల్వది.

మరి ఎనక కూసోని ఆమెతోటి గా ముచ్చట ఎవలు మాట్లాడుతున్నరు?

"అమ్మా" అన్న. ఎనకకు తిరగలే.  "అమ్మా… ఏం అడుగుతున్నవు ఆమెను?"

 టైర్ల చప్పుడే ఇనబడుతాంది.

"నేనేడ అడిగిన కొడుకా?" అన్నది. "నా గొంతే పెగులుతలేదు. బండి మోత ఆగినప్పుడల్ల నువ్వే మాట్లాడుతున్నవు కదరా. నువ్వు మంచిగ మాట్లాడిస్తున్నవని… నేను సప్పుడు చేస్తలే."

నేను మాట్లాడలే. మీ అందరి ముందట చెప్తున్న… ఇల్లు ఎల్లినకాంచి అప్పటిదాక నేను ఆమెతోటి ఒక్క మాట మాట్లాడలే. నా కండ్లు రోడ్డు మీద, పానం పెట్రోలు మీద.

దిగుడు ఇంక సగం ఉండె. సగంలనే గేర్ల ఏసి క్లచ్ ఇడిచిన. ఇంజన్ మొత్తుకున్నది. మొత్తుకోనియ్యి అనుకున్న. ఆ మోతల ఇంకెవడు మాట్లాడినా సత్తెమ్మకు ఇనబడొద్దు.

నేనే కొట్లాడినట్టు ఒర్లిన. "సత్తెమ్మా… నేను మాట్లాడుతున్న, ఇగో నేను… ఇటు ఇను." జవాబు లేదు. "రెప్పలు తెరుస్తలేదురా" అని మా అమ్మ మొత్తుకుంటాంది. ముందట ఇంకో దిగుడు వచ్చింది. ఇంజన్ బంద్ చేస్తే గా గొంతు మాట్లాడుతది. చెయ్యకుంటే పెట్రోలు ఒడుస్తది. నా కాలు యాక్సిలేటర్ మీదనే ఉన్నది… తియ్యలేకపోయిన. ఆ తర్వాత ఇంకోటొచ్చింది, అది గూడ ఇంజన్ మీదనే దిగిన. రెండు దిగుళ్ల పెట్రోలు, ఉత్త భయానికి కాల్చిన.

ఒక మెరక ఎక్కినం. ఎక్కంగనే పాలమూరు దీపాలు కనబడ్డయి. దూరంగ… వరసగ. గా దీపాల్లనే ఏదో ఒకటి దవాఖాన దీపం. సరిగ్గ గప్పుడే ఇంజన్ దగ్గింది. మళ్ల దగ్గింది. ఆగింది.

నేను చాబీ తిప్పలే. అదే ఆగింది.

దిగుడు లేదు, సాపు రోడ్డు మీద బండి మెల్లగ ముందటికి దొర్లుతాంది. నేను తువ్వాల నోట్ల కుక్కుకున్న. దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకున్న, గట్టిగ. నేను మాట్లాడలేదని నాకే తెల్వాలె కదా… గందుకు. పండ్ల కింద తువ్వాల ఉప్పగ తగులుతాంది. కంకర చప్పుడు తగ్గుతాంది… పర… పర… చక్రాలు ఆగినయి.

ఏం చప్పుడు లేదు. కీసురాయి గూడ అరుస్తలేదు.

గప్పుడు ఇన్న. నా ఎనకకెల్లి, నా గొంతు. నేను సత్తెమ్మను ఎట్ల పిలుస్తనో గట్లనే… జర లాగి.

"దిగు సత్తెమ్మా. వచ్చినం."

"ఆఁ" అన్నది సత్తెమ్మ.

గాజులు ఒక్కసారి గలుక్కుమన్నయి. అంతే.

నేను ఆమెను భుజాన ఏసుకోని ఉరికిన. మా అమ్మ ఎనక పడుకుంట లేసుకుంట వచ్చింది. ఎంత దూరం ఉరికిననో తెల్వది, దీపాలు దగ్గరికి వస్తనే లేకుండె. దవాఖానల డాక్టర్ చెయ్యి పట్టి చూసి, రెప్ప ఎత్తి చూసి, మళ్ల రెప్ప మూసిండు. సూది మందు అల్మారల ఉన్నది. అద్దంలకెల్లి కనబడుతాంది నాకు.

మాట సంగతి చెప్పిన ఆయనకు. ఇన్నడు. "కట్లపాము ఇసం ఎక్కినంక నాలుక తిరగదు, చానసేపటికెల్లి ఆమె మాట్లాడి ఉండదు" అన్నడు. మరి మా అమ్మ ఇన్నది గదా అన్న. దుఃఖంల గట్లనే అనిపిస్తది అన్నడు. ఇద్దరికి ఒక్కటే అనిపిస్తదా సారూ అని అడిగిన. ఆయన వేరే మంచం దిక్కు పోయిండు.

మా అమ్మ సచ్చేదాక ఒక్కటే మాట. "నువ్వే అన్నవురా. మంచి మాటనే అన్నవు. పిల్ల నిమ్మళంగ పోయింది." నేను కాదని చెప్పి చెప్పి యాష్టకొచ్చి ఊకున్న. తువ్వాల మీద నా పండ్ల గాట్లు చూపిచ్చిన. చూసింది… మడత పెట్టి నా చేతికిచ్చింది.

ఒక్కోనాడు నేనే అన్ననేమో అనిపిస్తది. నోట్ల తువ్వాల పెట్టుకోని ఎట్ల అంట? ఒక్కోనాడు ఇంకోటి అనిపిస్తది. గా గొంతు మొదటికెల్లి ఆమెను మాట్లాడిచ్చుకుంట తీస్కపోయింది… నిద్ర పోనియ్యలేదా, లేకుంటే నిద్ర పుచ్చిందా? నేను ఇంజన్ బంద్ చేసుకుంట పోయుంటే పెట్రోలు దవాఖాన దాక వస్తుండెనా? ఈ ఇన్నేండ్లల ఎన్ని తీర్ల లెక్క కట్టిన్నో. తేలలే.

గందుకే దిగుడుల ఇంజన్ బంద్ చెయ్యను. ఎనక సీటు ఖాళీగున్నా సరే.

దవాఖాన ఇంక దూరం ఉండెనయ్యా. ఉత్త దీపాలే కనబడుతుండె. ఆమెకు మాత్రం వచ్చినమని చెప్పిండు, ఎవడో. వాన్ని తిట్టాల్నో, వానికి దండం పెట్టాల్నో నాకు ఇయ్యాలటికి తెల్వది. గొంతు నాది. ఆమె నమ్మింది.