బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌లో గోపాలప్ప ఫెయిల్

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, జూన్ మొదటి వారంలో, బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక అనువాద సంస్థలో లోకలైజేషన్ ఇంజనీరుగా చేరాను. ముప్పై దాటకముందే ఆ రంగం నుంచి విరమించాను కాబట్టి దీన్ని విశ్రాంత ఉద్యోగి జ్ఞాపకం అనే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను.

నా పని మూడు భాగాలు. యాప్‌లోని ఇంగ్లిష్ వాక్యాలను ఒక ఫైల్‌లోకి తీయడం, అనువాదం అయ్యాక తిరిగి వాటి చోట్లలో పెట్టడం, అవి బటన్లలో పడతాయో లేదో చూడటం. మూడోదే కష్టం. స్పానిష్ వాక్యం సాధారణంగా ఇంగ్లిష్ కంటే పొడుగు. బటన్ దాటి బయటికి వచ్చేస్తుంది.

మాకు వచ్చిన యాప్ మెక్సికోలో వ్యాయామం చేసేవాళ్ల కోసం. అందులో ఇంగ్లిష్ అంతా స్నేహితుడు భుజం తట్టి మాట్లాడినట్టు ఉంటుంది. స్పానిష్ చేసింది సబీహా. కడప అమ్మాయి, హైదరాబాద్‌లో స్పానిష్ ఎం.ఏ. చేసింది. అప్పటికి ప్రొబేషన్‌లో ఉంది. ఉద్యోగం కన్ఫర్మ్ కాకపోతే తిరిగి వచ్చి ఊళ్లోని స్కూల్లో ఇంగ్లిష్ చెప్పుకోవాలన్న షరతు మీదే ఇంట్లో వాళ్లు ఆమెను బెంగళూరు పంపారు.

మా డెలివరీ మేనేజర్ నాగరాజు గారు తరాల కిందట బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వారు. అంతకుముందు చాలా ఏళ్లు మందుల పెట్టెల్లో ఉండే కాగితాల అనువాదం చూశారు. ఆ పనిలో బ్యాక్ ట్రాన్స్‌లేషన్ తప్పనిసరి. స్పానిష్‌లోకి వెళ్లినదాన్ని, మూలం చూడని మరో మనిషి తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తాడు. రెండు ఇంగ్లిష్‌లనూ పక్కపక్కన పెట్టి, వదిలేసినది, చేర్చినది, మార్చినది అని మూడు గళ్లలో తప్పులు వేస్తారు. రోజుకు ఒక మాత్ర అన్నది రెండు మాత్రలైతే ప్రాణం పోతుంది కాబట్టి అది మంచి పద్ధతే. నాగరాజు గారికి స్పానిష్ రాదు. అందుకని ఆ ఫారాన్నే మా వ్యాయామం యాప్‌కూ తగిలించారు.

అలసిపోయినవాడితో, వదలకు, ఇంకాస్త ఓర్చుకో అనే అర్థంలో 'హ్యాంగ్ ఇన్ దేర్' అని ఇంగ్లిష్ అంటే, సబీహా అదే అర్థంలో 'ఆనిమో' అని రాసింది. తిరిగి వచ్చేసరికి అది 'ఉత్సాహం' అయింది. తప్పు. 'పీస్ ఆఫ్ కేక్' అన్నచోట 'పాన్ కొమీదో' అని రాసింది. అది 'తినేసిన బ్రెడ్' అని తిరిగి వచ్చింది. నాగరాజు గారు ఆమెను పిలిపించారు.

"కేక్ యాడికి పాయ? ఈ బ్రెడ్ యాడ నుంచి వచ్చె?"

"సార్, కేకూ ఎవురూ తినలా, బ్రెడ్డూ ఎవురూ తినలా. చాలా ఈజీ అని చెప్పేదానికి వాళ్లు అట్లంటారు."

"మరి ఫారంలో బ్రెడ్ అని ఉండాది కదమ్మా."

ఫారంలో నిజంగానే బ్రెడ్ ఉంది.

నేనొక ప్రయోగం చేశాను. 'హ్యాంగ్ ఇన్ దేర్'ను నిఘంటువు చూసి మాటకు మాట స్పానిష్‌లో పెట్టి, సబీహా పేరు లేకుండా బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌కు పంపాను. మెక్సికోలో దాన్ని చదివినవాడు, తడిబట్టలా ఎక్కడో వేలాడమంటున్నారు అనుకుంటాడు. ఫారంలో మాత్రం ఒక్క తప్పూ పడలేదు. ఆ ఫలితాన్ని నాగరాజు గారికి చూపిస్తే, "చూసినావా, కుదిరింది" అన్నారు. సబీహా తప్పులు ప్రొబేషన్‌కు పెట్టిన పరిమితి దాటిపోయాయి. సోమవారం ఆమె కన్ఫర్మేషన్ మీటింగ్.

ఆ ముందు శనివారం, ఆఫీసు పండక్కి బట్టలు కొనడానికి నాగరాజు గారు మా ఇద్దరినీ చిక్కపేటలో వాళ్లన్న గోపాలప్ప చీరల అంగడికి తీసుకెళ్లారు. మేము పరుపు మీద కూర్చున్నాం. హిందూపురం నుంచి వచ్చిన ఒకాయన చీరలన్నీ విప్పించి, ఏదీ నచ్చక లేవబోయాడు.

"ఏమప్పా, అప్పుడే లేస్తివి? ఈ ఎండలో యాడికి పోతావు? కాపీ తాగి పో," అన్నాడు గోపాలప్ప. ఆయన కూర్చున్నాడు.

కాసేపటికి ఒక కన్నడ ఆవిడ లేవబోయింది. "అక్కా, బోణి టైము, బరీ కైయల్లి హోగ్బేడి," అన్నాడు. మధ్యాహ్నం దాటినా ఆయనకు ఇంకా బోణి వేళే. ఆవిడా కూర్చుంది.

"ఇద్దరికీ ఏం చెప్పినారన్నా?" అని సబీహా అడిగింది.

"ఒకే మాట తల్లీ. లేయొద్దు, కూర్చో అని."

నేను అమాయకంగా నాగరాజు గారి వైపు తిరిగి, నాకు కన్నడ సరిగా రాదు, ఆవిడతో ఏమన్నారో చెప్పండి సార్ అన్నాను. ఆయన ఏ పనైనా శ్రద్ధగా చేస్తారు. ఒక్క మాట చేర్చకుండా, ఒక్క మాట వదలకుండా చెప్పారు: "అక్కా, తొలి బేరం వేళ, ఉత్త చేతులతో పోవద్దండి."

ఫోన్‌లో మా ఫారం తెరిచి, హిందూపురం ఆయనతో అన్న మాట పక్కన ఈ మాట పెట్టి నింపాను. గోపాలప్ప ఎండ వదిలేశాడు. కాఫీ వదిలేశాడు. బోణి చేర్చాడు. అప్పను అక్కగా మార్చాడు. మూడు గళ్లూ నిండాయి. ఫోన్‌ను నాగరాజు గారి చేతికిచ్చాను.

"ఏమిరా నాగా అది?" అన్నాడు గోపాలప్ప.

"నువ్వు ఫెయిలన్నా."

"ఎవుర్రా నన్ను ఫెయిల్ చేసింది? ఇద్దరూ కూర్చోనుండారు కదరా, కనపడ్లా?"

"నేను కాదన్నా. ఫారం."

"సార్, రూల్ ప్రకారం అన్నను కూడా ప్రొబేషన్‌లోనే పెట్టాల," అంది సబీహా.

గోపాలప్ప అంగడంతా వినపడేలా నవ్వాడు. నాగరాజు గారు నవ్వలేదు. ఫోన్ తిరిగి ఇచ్చి, ఫారం పక్కన ఇంకో గడి పట్టే చోటుందా అని అడిగారు.

సోమవారం మీటింగ్‌లో సబీహా తప్పులను మళ్లీ ఒక్కొక్కటిగా చూశాం. కొత్త గడిలో ఒకే ప్రశ్న: స్పానిష్ చదివినవాడు, ఇంగ్లిష్ చదివినవాడు చేసే పనే చేస్తాడా? ఆనిమో నిలిచింది. బ్రెడ్ నిలిచింది. తప్పులన్నీ కొట్టేశాక నాగరాజు గారు ఫైల్ మూయబోతుంటే సబీహా ఆపింది.

"సార్, ఇంకోటి ఉంది. 'ఓకే' బటన్ మీద 'బాలే' అని రాసినాను. అది స్పెయిన్ మాట. మెక్సికోలో అట్లనరు. నా తప్పే. దానికి మీరు ఫుల్ మార్కులు వేసినారు."

నిజమే. తిరిగి వచ్చిన ఇంగ్లిష్‌లోనూ అది 'ఓకే'నే కాబట్టి ఫారానికి లోపం కనిపించలేదు. ఇన్ని వారాల్లో ఆ ఫైల్‌లోని ఒకే ఒక్క అసలు తప్పును మా తనిఖీ ఒప్పుగా దాటించింది. నాగరాజు గారు ఆ ఒక్క తప్పునూ రాసుకుని, దాని కిందే కన్ఫర్మేషన్ సంతకం పెట్టారు.

ఇప్పుడు నేను ఆసుపత్రి పరికరాల సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మళ్లీ తప్పనిసరి, నేనే పట్టుబట్టి చేయిస్తాను కూడా. ప్రతి తనిఖీ ఏదో ఒక ప్రమాదాన్ని పట్టుకోవడానికి పుడుతుంది. ఆ ప్రమాదం లేనిచోట అది పని బాగా చేసినవాళ్లను పట్టుకుంటుంది.