యాభై మూడు కిలోలు

ధవళేశ్వరం బస్సులో పక్కనున్నావిడ మోకాళ్ళకు నొప్పుల నూనె రాసుకొచ్చినట్టుంది. ఆ ఘాటు తగలగానే రత్నంగారు గుర్తొచ్చారు. ఇరిగేషన్ ఆఫీసులో నాకు సీనియరు. నాలాగే ఒకప్పటి వెయిట్‌లిఫ్టరు, నాలాగే స్పోర్ట్స్ కోటాలో చేరిన మనిషి. రెండు భుజాలకూ ఆ నూనె పట్టించి, పైన గంజిపెట్టిన చీర కట్టుకొచ్చేవారు.

నేను ఆట మానేసి ఆ ఆఫీసులో చేరాను. నాది యాభై మూడు కిలోల విభాగం. పోటీకి ముందు మమ్మల్ని తూస్తారు; కాస్త ఎక్కువున్నా బయటికే. అందుకని ముందురోజు నుంచి నీళ్ళు ముట్టం, ఉమ్మి కూడా మింగం. మానేశాక కూడా నేను అదే చేశాను. పోటీ లేదు, తూచేవాళ్ళు లేరు. అయినా ఆదివారమంతా నాలుక పిడచకట్టుకుపోయేలా ఉండి, సోమవారం పొద్దున్నే ఇంట్లో బరువు చూసే మిషనెక్కేదాన్ని. పిచ్చే, కాదనను. ఆ అంకె పోతే నేనెవరో నాకే తెలియదు మరి.

ఒక సోమవారం రికార్డు రూములో కళ్ళు తిరిగి పడ్డాను. రత్నంగారు ఒక్కరే నన్నెత్తి బల్ల మీద పడుకోబెట్టారు. చుట్టూ చేరినవాళ్ళను పంపేసి నెమ్మదిగా అడిగారు.

"ఏ కేటగిరీ అమ్మాయ్?"

"యాభై మూడండి."

"ఇంకానా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"నాది నలభై ఎనిమిది. మానేశాక కూడా పదేళ్ళు కాపాడుకున్నాను, మా ఆయన తిడుతున్నా సరే. ఏం మిగిలింది? కిడ్నీలు పోయాయి. ఇప్పుడు డాక్టరుగారు ఇన్నే తాగాలని నీళ్ళు కొలిచి చెబుతున్నారు. నీకేం రోగం, తాగు!" అంటూ తన సీసా నా చేతిలో పెట్టారు. గటగటా మొత్తం తాగేశాను. అవి ఆవిడ సాయంత్రం దాకా సరిపెట్టుకోవాల్సిన నీళ్ళని తర్వాత తెలిసింది.

ఆనాటి నుంచి క్యారేజీలో నాకూ పప్పుచారు, చేపల వేపుడు తెచ్చేవారు. నేను మెతుకులు ఏరుతుంటే కసిరేవారు. "తిను తల్లీ, ఎవరూ తూచరు." ఆ మాటకు నాకు ఏడుపూ వచ్చేది, ఆకలీ వేసేది.

చివరిసారి రాజమండ్రి ఆసుపత్రిలో చూశాను. డయాలిసిస్‌కు ముందు నర్సు ఆవిడను తూచి రాసుకుంటోంది. "చూశావా, నాకు మళ్ళీ ఈ తూకం తప్పలేదు," అని నవ్వారు. తర్వాత అడిగారు, "నీదెంత?"

"చూసుకోలేదండి."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నేను చెప్పింది అబద్ధం. ఆ పొద్దున్నే చూసుకుని వెళ్ళాను. యాభై ఎనిమిది.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మా ఇంట్లో ఇప్పుడు మిషను లేదు. ఆవిడ మళ్ళీ అడిగితే అదే మాట చెబుతాను. నా బరువెంతో నాకు నిజంగానే తెలియదు.